మీ నోరెంత తెరుచుకుంటోంది?



ముందుగా ఒక చిన్న పని. చేతులు శుభ్రంగా ఉంటే రేడియో వింటూనే చేయొచ్చు. చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు, ఈ మూడూ దగ్గరికి చేర్చండి. ఒకదానిమీద ఒకటి ఉండేలా నిలువుగా పట్టుకోండి. నోరు బాగా తెరిచి, ముందరి పైపళ్లకూ కిందిపళ్లకూ మధ్య పెట్టి చూడండి. వేళ్లు మీవే అయ్యుండాలి. తండ్రి వేళ్లతో పిల్లాడి నోరు కొలవకూడదు. ఎవరి నోటికి వాళ్ల వేళ్లే కొలత.

మూడూ సులువుగా పట్టాయా? మంచిది. రెండే పట్టాయా? ఒక్కటి పెట్టడమే కష్టంగా ఉందా? అలాంటప్పుడు ఈ కాసేపూ శ్రద్ధగా వినండి. మూడు పట్టినవాళ్లూ వినండి. మీ ఇంట్లోనో, మీ షిఫ్టులోనో పట్టనివాళ్లు ఒకరైనా ఉండే అవకాశం ఉంది.

పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా ముంబై రోడ్డు వెంట వెళ్తే ఇస్నాపూర్, పాశమైలారం, రుద్రారం వస్తాయి. మరో పక్క బొల్లారం, గడ్డపోతారం, బొంతపల్లి. ఎక్కడ చూసినా ఫ్యాక్టరీ గేట్లు. ప్రతి గేటుకు ఎదురుగా ఒక పాన్ డబ్బా. డబ్బాకు దండల్లా వేలాడే గుట్కా, పాన్ మసాలా పాకెట్లు. మెదక్, జహీరాబాద్ వైపు ఊళ్ల నుంచి వచ్చినవాళ్లూ, ఒడిశా, బిహార్, జార్ఖండ్ నుంచి వచ్చినవాళ్లూ ఆ డబ్బా దగ్గరే కలుస్తారు. పన్నెండు గంటల షిఫ్టు. రాత్రి రెండయ్యేసరికి నిద్ర ముంచుకొస్తుంది. మందుల ఫ్యాక్టరీల్లో మంటకు భగ్గుమనే ద్రావకాలుంటాయి. అందుకని బీడీ, అగ్గిపెట్టె గేటు దాటనివ్వరు. అది న్యాయమే. పాకెట్ మాత్రం జేబులో ఇట్టే ఇమిడిపోతుంది. దానికి మంట అక్కర్లేదు. పొగ రాదు, సూపర్‌వైజర్‌కు కనపడదు. బుగ్గలో పెట్టుకుంటే గంటసేపు తోడుంటుంది.

ఆ బుగ్గలో ఏం జరుగుతుందో చూద్దాం.

గుట్కాలోనూ, పాన్ మసాలాలోనూ ఎక్కువ భాగం వక్క. తంబాకు తర్వాతి మాట. వక్కలో అరెకోలిన్ అనే రసాయనం ఉంటుంది. బుగ్గ లోపలి పొర కింద పీచును తయారుచేసే కణాలుంటాయి. అరెకోలిన్ తగిలినప్పుడల్లా అవి పీచును ఎక్కువ తయారు చేస్తాయి. వక్కలో ఉండే రాగి ఆ పీచు పోగులను ఒకదానికొకటి గట్టిగా ముడివేసే ఎంజైమును రెచ్చగొడుతుంది. వక్కలోని వగరు పదార్థాలు ఆ పీచును శరీరం కరిగించుకోకుండా అడ్డుపడతాయి. తయారీ పెరిగింది, కరగడం తగ్గింది. ఇక పేరుకోవడమే మిగిలింది. ఎండలో పడేసిన సైకిల్ ట్యూబును లాగి చూస్తే సాగదు, గట్టిగా లాగితే చిట్లుతుంది. బుగ్గ లోపలి పొర కూడా అలాగే అవుతుంది. తెల్లబడుతుంది, బిగుసుకుంటుంది. వేలు పెట్టి తడిమితే లోపల నిలువు పట్టీలు చేతికి తగులుతాయి. దీన్ని డాక్టర్లు ఓరల్ సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. జనం మాటల్లో నోరు పట్టేయడం.

మొదట నొప్పి ఉండదు. ఇదే దీనితో వచ్చిన చిక్కు. మొదట కనిపించేది కారం తట్టుకోలేకపోవడం. నిన్నటిదాకా పచ్చిమిర్చి కొరుక్కుని జొన్నరొట్టె తిన్న మనిషి ఇవాళ పప్పుచారుకే బుగ్గ మండుతోందంటాడు. తర్వాత ఈల వేయలేడు. బుగ్గలు ఉబ్బించి ఊదలేడు. నాలుక బయటికి పూర్తిగా రాదు. ముద్ద చిన్నదవుతుంది. పానీపూరీ మొత్తంగా నోట్లో పెట్టలేక సగం కొరుక్కుంటాడు. దోస్తులు నవ్వుతారు, తనూ నవ్వేస్తాడు. చివరికి చెంచా అడ్డంగా కూడా పోదు.

ఇక్కడ మిరపకాయ గురించి ఒక మాట చెప్పాలి. కారం తింటే మండుతుంది కాబట్టి జబ్బుకు కారమే కారణమని చాలామంది అనుకుంటారు. ఒకప్పుడు పరిశోధకులూ అలాగే అనుమానించారు. 1960లో బొంబాయిలో సిర్సాత్, ఖానోల్కర్ అనే శాస్త్రవేత్తలు మిరపలోని ఘాటు పదార్థాన్ని ఎలుకల మీద ప్రయోగించి చూశారు. తర్వాత్తర్వాత లెక్క తేలింది. మెక్సికోలోనూ, దక్షిణ అమెరికాలోనూ మనతో పోటీపడి మిరప తింటారు. అక్కడ ఈ జబ్బు లేదు. వక్క నమిలే చోట మాత్రం ఉంది. గుంటూరు మిర్చి మీద పడ్డ నింద అలా తొలగిపోయింది. మిర్చి జబ్బు తెప్పించదు, వచ్చిన జబ్బును బయటపెడుతుంది.

వైద్య పత్రికల్లోకి ఈ జబ్బు ఎక్కింది 1952లో. ష్వార్ట్జ్ అనే వైద్యుడు కెన్యాలో స్థిరపడ్డ అయిదుగురు భారతీయ స్త్రీలలో దీన్ని గుర్తించి రాశాడు. మరుసటి ఏడాదే బొంబాయిలో జోషి అనే ముక్కు, చెవి, గొంతు వైద్యుడు దీన్ని వర్ణించాడు. అంటే కొత్త రోగం కాదు. తాంబూలం వేసుకునే దేశంలో ముందునుంచీ ఉన్నదే. మరి ఇవాళ ఇరవై ఏళ్ల కుర్రాళ్లలో ఎందుకు కనిపిస్తోంది?

దానికి జవాబు ఇచ్చినవాటిలో ఒకటి మన హైదరాబాద్ పరిశోధనే. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1996లో ఒక అధ్యయనం ప్రచురించారు. రెండు రకాల మనుషులను పోల్చారు. ఒకవైపు ఆకు, వక్క, సున్నంతో కిళ్లీ వేసుకునేవాళ్లు. ఇంకోవైపు పాన్ మసాలా పాకెట్లు నమిలేవాళ్లు. ఇద్దరికీ నోరు పట్టేసింది. కానీ ఎన్నేళ్లకు? కిళ్లీ వాళ్లకు సగటున ఎనిమిదిన్నరేళ్లు పట్టింది. పాన్ మసాలా వాళ్లకు రెండేళ్ల ఏడెనిమిది నెలలే. మళ్లీ చెబుతున్నాం. కిళ్లీకి ఎనిమిదిన్నరేళ్లు, పాకెట్‌కు మూడేళ్లు కూడా లేదు. పాకెట్‌లో ఆకు లేదు, నీరు లేదు. ఎండబెట్టిన వక్క పలుకులు నేరుగా బుగ్గకు తగులుతాయి. పైగా రోజుకు రెండు కిళ్లీలు వేసుకునే మనిషి పది పాకెట్లు చింపుతాడు. అమ్మమ్మ అరవై ఏళ్లు తాంబూలం వేసుకున్నా ఏమీ కాలేదు కదా అనే మాట పాకెట్ విషయంలో చెల్లదు.

ఇంకో మాట కూడా తరచుగా వినిపిస్తుంది. "నేను గుట్కా మానేశా, ఉత్తి సుపారీయే వేసుకుంటున్నా, తంబాకు లేదు." ఈ జబ్బుకు ఉత్తి వక్క చాలు. 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ వక్కను, తంబాకు కలపకపోయినా సరే, మనిషికి క్యాన్సర్ తెచ్చే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. చట్టం మాత్రం తంబాకునే పట్టుకుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో గుట్కా నిషేధం వచ్చింది. 2024 మేలో తెలంగాణ ఆహార భద్రతా కమిషనర్ తంబాకు, నికోటిన్ ఉన్న గుట్కా, పాన్ మసాలాల మీద మళ్లీ ఏడాది నిషేధం విధించారు. వ్యాపారులు చేసిందేమిటి? వక్కను ఒక పాకెట్‌లో, తంబాకును ఇంకో పాకెట్‌లో పెట్టి అమ్మారు. కొన్నవాడు రెండూ కలిపి నోట్లో వేసుకుంటాడు. వక్క పాకెట్ చట్టానికి అందకుండా, బుగ్గకు మాత్రం అందుతూనే ఉంది.

సరే, నోరు తెరుచుకోకపోతే ప్రతిసారీ వక్కేనా? కాదు. ఇది తేడా తెలుసుకోవాల్సిన సంగతి. రెండు మూడు రోజుల్లో, నొప్పితో, జ్వరంతో నోరు మూసుకుపోతే జ్ఞానదంతం దగ్గర చీము పట్టి ఉండొచ్చు. అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. దెబ్బ తగిలాక నోరు తెరవలేకపోతే, పళ్లు ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోకపోతే, దవడ ఎముక విరిగి ఉండొచ్చు. ఈ హైవే మీద హెల్మెట్ లేకుండా బైకు నడిపేవాళ్లకు ఆ సంగతి విడిగా చెప్పక్కర్లేదు. ఇనుము గీసుకుపోయిన గాయం తర్వాత దవడ బిగుసుకుంటే ధనుర్వాతం కావచ్చు, క్షణం ఆలస్యం చేయొద్దు. పిల్లలు గడ్డం మీద పడి దెబ్బ తగిలితే చెవి ముందున్న దవడ కీలు లోపల గాయపడొచ్చు. పైకి చిన్న చీలికే కనిపిస్తుంది. కుట్లు వేయించి మరిచిపోతారు. కొన్ని నెలలకు ఆ కీలు ఎముకలా అతుక్కుపోవచ్చు. ఆ పిల్లలకు దవడ ఎదగదు, గడ్డం వెనక్కి పోతుంది. కాబట్టి గడ్డానికి దెబ్బ తగిలిన పిల్లల నోటిని కూడా వాళ్ల వేళ్లతోనే కొలిపిస్తూ ఉండాలి.

నొప్పి లేకుండా, నెలల తరబడి మెల్లగా తగ్గిపోయేది మాత్రం చాలావరకు వక్క తెచ్చిన జబ్బే. మెల్లగా వస్తుంది కాబట్టే తెలియదు. కొలిస్తేనే తెలుస్తుంది.

పరిశోధకులు చేసేదీ ఇదే కొలత. కాకపోతే వేళ్లకు బదులు మిల్లీమీటర్ల స్కేలు వాడతారు. పైన ముందరి పంటి అంచు నుంచి కింది పంటి అంచు దాకా. పెద్దవాళ్లలో మామూలుగా 35 మిల్లీమీటర్ల పైనే ఉంటుంది, చాలామందికి 40 దాటుతుంది. 1995లో ముంబై సర్జన్లు ఖన్నా, ఆంద్రాదే వంద మంది రోగుల అనుభవాన్ని ప్రచురించారు. జబ్బు ఏ దశలో ఉందో ఈ అంకెను బట్టే విభజించారు. 35 దాటితే తొలి దశ. 26 నుంచి 35 దాకా రెండో దశ. 15 నుంచి 26 దాకా మూడోది, అక్కడి నుంచి ఆపరేషన్ మాట వస్తుంది. 15 కంటే తగ్గితే చివరిది. ఇన్ని అంకెలు గుర్తుండక్కర్లేదు. మూడు వేళ్లు గుర్తుంటే చాలు.

ఇంత సులువైన కొలత చేతిలో ఉన్నప్పుడు ఏ మందు పనిచేస్తుందో తేల్చడం కూడా సులువే అనిపిస్తుంది. అక్కడే చిక్కు పడుతుంది. ఒక డాక్టర్ ఇరవై మంది రోగులకు ఒక మాత్ర ఇచ్చారనుకోండి. వక్క మానెయ్యమన్నారు. రోజూ నోటి వ్యాయామం చేయమన్నారు. మూడు నెలల తర్వాత అందరి నోళ్లూ కాస్త తెరుచుకున్నాయి. ఏది పనిచేసింది? మాత్రా? వక్క మానడమా? వ్యాయామమా? చెప్పలేం. అందుకే పరిశోధనలో రెండో గుంపు కావాలి. వాళ్లూ వక్క మానాలి, వాళ్లూ వ్యాయామం చేయాలి, మాత్ర మాత్రం ఉత్తుత్తిది ఇవ్వాలి. ఎవరు ఏ గుంపులోకి వెళ్లాలో డాక్టర్ ఇష్టం కాదు, చీటీ తీసినట్టు నిర్ణయించాలి. లేకపోతే తేలికగా బాగయ్యేవాళ్లను డాక్టర్ తెలియకుండానే తన మందు గుంపులో వేసుకుంటారు.

2007లో అలాంటి అధ్యయనం ఒకటి వచ్చింది. లైకోపీన్ మీద. టమాటాకు ఎరుపునిచ్చేది అదే. 58 మందిని మూడు గుంపులు చేశారు. లైకోపీన్ మాత్ర ఒక్కటే వేసుకున్నవాళ్లకు నోరు సగటున 3.4 మిల్లీమీటర్లు పెరిగింది. దాంతోపాటు బుగ్గలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లకు 4.6. ఉత్తుత్తి మాత్ర వాళ్లకు ఏమీ పెరగలేదు. బాగుందే అనిపిస్తుంది. కానీ 3.4 మిల్లీమీటర్లంటే ఎంత? రెండు రూపాయి బిళ్లలను ఒకదానిమీద ఒకటి పెట్టినంత, కాస్త అటూ ఇటూగా. కారం మంట తగ్గడం మంచిదే. మూడు వేళ్లు పట్టే నోరు మాత్రం ఇంకా దూరమే. ఇది విని కిలో టమాటాలు కొనేవాళ్లకు ముందే చెప్పాలి, వాళ్లు వాడింది కొలత ప్రకారం ఇచ్చిన మాత్ర, కూర కాదు.

మరుసటి ఏడాది, 2008లో, కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ తరఫున పరిశోధకులు ప్రపంచంలో ఈ జబ్బు చికిత్స మీద వచ్చిన అధ్యయనాలన్నిటినీ జల్లెడ పట్టారు. సరైన పద్ధతిలో జరిగినవి రెండే దొరికాయి. ఆ రెండిట్లో కలిపి 87 మంది. లక్షల మందికి వస్తున్న జబ్బుకు ప్రపంచం మొత్తం మీద నమ్మదగిన లెక్క 87 మందిది! ఇస్నాపూర్ చౌరస్తాలో పొద్దున షిఫ్టు బస్సుల కోసం అంతకన్నా ఎక్కువ మందే నిలబడతారు. ఆ తర్వాత అధ్యయనాలు పెరిగాయి గానీ చాలావరకు చిన్నవే, కొద్ది నెలలవే.

ఎందుకిలా? డాక్టర్లకు శ్రద్ధ లేక కాదు. ఈ జబ్బు వచ్చేవాళ్లలో రోజుకూలీలు ఎక్కువ. మొదటిసారి వస్తారు, కొలత ఇస్తారు, మందు తీసుకుంటారు. మూడో నెల రమ్మంటే రారు. ఒక పూట పోతే ఒక పూట కూలి పోతుంది. కాంట్రాక్టర్ మారతాడు, మనిషి గడ్డపోతారం నుంచి చర్లపల్లికో, సొంతూరికో వెళ్లిపోతాడు. కాస్త తగ్గిందనిపిస్తే ఇక రావడం దేనికనుకుంటాడు, తగ్గకపోతే వచ్చి లాభమేమిటనుకుంటాడు. మళ్లీ పాకెట్ మొదలుపెట్టినవాడు సిగ్గుపడి రాడు. వీళ్లెవరి కొలతా లేకుండా మిగిలినవాళ్లతో లెక్క కడితే మందు ఉన్నదానికంటే గొప్పగా కనిపిస్తుంది. అందుకే ఈ పరిశోధనలో రోగి మళ్లీ రావడమే సగం పరిశోధన. పాకెట్ మళ్లీ మొదలైనా రావాలి. ఆ మాట దాచకుండా చెప్పాలి. డాక్టర్ తిట్టొచ్చు. తిట్టినా ఆ లెక్క నిజమైన లెక్క అవుతుంది.

మందుల సంగతి ఇలా తేలకుండా ఉన్నా, ఖర్చు లేని ఒక చికిత్సకు మంచి సాక్ష్యం ఉంది. 2009లో నేపాల్ రోగుల మీద కాక్స్, జోల్నర్ అనే పరిశోధకులు చేసిన అధ్యయనం అది. వ్యాయామాన్ని ఇంజెక్షన్‌తో పోల్చారు. వ్యాయామం చేసినవాళ్లకే నోరు ఎక్కువగా తెరుచుకుంది. ఆ వ్యాయామం కోసం కొనాల్సింది ఐస్‌క్రీం పుల్లలే. చప్పటి చెక్క పుల్లలు. వాటిని దొంతరగా పేర్చి, పైపళ్లకూ కిందిపళ్లకూ మధ్య పట్టినన్ని పెట్టాలి. కాసేపు అలాగే ఉంచాలి. రోజుకు అయిదుసార్లు. వారం పది రోజులకు ఇంకో పుల్ల చేర్చాలి. ఒక్కో పుల్ల ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు ఉంటుంది. ఎన్ని పుల్లలు పడుతున్నాయో అదే కొలత, అదే చికిత్స. అయితే మొదటి పుల్ల పెట్టే ముందు పళ్ల డాక్టర్‌కు చూపించుకోవాలి. కదిలే పళ్లున్నా, నోట్లో పుండు ఉన్నా సొంతంగా మొదలుపెట్టొద్దు. పాకెట్ నములుతూ పుల్లలు పెట్టుకుంటే మాత్రం ఉపయోగం లేదు. ఒక చేత్తో కట్టి ఇంకో చేత్తో కూల్చడమే.

నోరు మరీ మూసుకుపోయినవాళ్లకు ఆపరేషన్ ఉంది. బుగ్గ లోపల పట్టీలను కోసి, అక్కడ ఏర్పడిన పచ్చిపుండును కప్పడానికి బుగ్గలోనే ఉండే కొవ్వు ముద్దనో, ముక్కు పక్కన ఉండే చర్మపు పట్టీనో తెచ్చి కుడతారు. ఆపరేషన్ బల్ల మీద నోరు బాగా తెరుచుకుంటుంది. కానీ పుండు మానేటప్పుడు కండ మళ్లీ ముడుచుకుపోతుంది. తర్వాత నెలల తరబడి, నొప్పి ఉన్నా సరే, నోటి వ్యాయామం చేయకపోతే కథ మొదటికొస్తుంది. సర్జన్ చేసే పని గంటల్లో అయిపోతుంది. రోగి చేయాల్సిన పని ఆరు నెలలు ఉంటుంది.

పారిశ్రామిక వాడలో ఉన్నవాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ప్రమాదం జరిగి కాలో చెయ్యో నలిగితే, అత్యవసరంగా ఆపరేషన్ చేయాలంటే, మత్తు ఇవ్వాలి. మత్తు డాక్టర్ నోట్లోంచి గొంతులోకి గొట్టం వేస్తారు, ఊపిరి ఆగకుండా. దానికి నోరు తెరుచుకోవాలి. వేలు మందమే తెరుచుకునే నోట్లోంచి మామూలు పద్ధతిలో ఆ గొట్టం వేయడం సాధ్యం కాదు. అప్పుడు సన్నటి కెమెరా గొట్టాన్ని మనిషి మెలకువగా ఉండగానే ముక్కులోంచి పంపాల్సి వస్తుంది. ఆ పరికరం ప్రతి ఆసుపత్రిలో ఉండదు. అది లేకపోతే గొంతు ముందు భాగంలో రంధ్రం చేయడమే దారి కావచ్చు. ముందే తెలిస్తే డాక్టర్ సిద్ధంగా ఉంటారు. తెలియకుండా మత్తిచ్చాక బయటపడితే ప్రాణం మీదికొస్తుంది. కాబట్టి ఏ ఆపరేషన్‌కు వెళ్లినా, మీ నోరు ఎంత తెరుచుకుంటుందో అడగకపోయినా చెప్పండి. తోటి పనివాడిని ఆసుపత్రికి తీసుకెళ్లినా ఆ మాట చెప్పండి.

ఇక క్యాన్సర్. దీని మీద మన దగ్గరున్న మంచి లెక్క కేరళలోని ఎర్నాకుళం జిల్లా పల్లెలది. ఈ జబ్బున్న 66 మందిని 17 ఏళ్లపాటు, ఊళ్లకు వెళ్లి మరీ, విడవకుండా చూశారు. అయిదుగురికి నోటి క్యాన్సర్ వచ్చింది. నూటికి ఏడెనిమిది మంది. ఆ లెక్క 1985లో అచ్చయింది. అందరికీ రాదు. ఎవరికి వస్తుందో ముందే చెప్పలేరు. అందుకే నోరు తెరుచుకున్నా, వక్క మానేసినా, నోరు చూపించుకోవడం మానకూడదు. రెండు వారాలకు మానని పుండు, గట్టిపడ్డ తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ ఉంటే హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి దాకా వెళ్లడానికి వెనకాడొద్దు.

ఆ పల్లె లెక్కల వెనక ఒక పెద్ద ప్రయత్నం ఉంది. అందులో తెలుగువాళ్ల భాగమూ ఉంది. 1960ల చివర్లో టాటా ఫండమెంటల్ రిసెర్చ్ సంస్థకు చెందిన ఫాలీ మెహతా, డెన్మార్క్ శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్ కలిసి దేశంలో అయిదు జిల్లాల పల్లెల్లో ఇంటింటికీ తిరిగి నోళ్లు పరీక్షించారు. మొత్తం 50,915 మంది. ఆ అయిదు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. అక్కడ ఆడవాళ్లు చుట్టను నిప్పు లోపలికి పెట్టి అడ్డపొగ తాగేవాళ్లు. అంగిలి కాలిపోయేది. తర్వాత అదే బృందం మూడు జిల్లాల్లో, శ్రీకాకుళం సహా, 36 వేల మంది తంబాకు వాడేవాళ్లతో ఇంకో పరిశోధన చేసింది. ఈసారి ఇచ్చింది మందు కాదు, మాట. ఇంటికి వెళ్లి మాట్లాడారు, సినిమాలు చూపించారు, పోస్టర్లు పెట్టారు. అంతకుముందు అవే ప్రాంతాల్లో, ఇంత ప్రచారం అందని వేరే జనాన్ని అయిదేళ్లు చూసిన లెక్క ఉంది. దాంతో పోల్చారు. మాట అందినవాళ్లలో మానేసినవాళ్లు అందనివాళ్లలో కన్నా ఎక్కువ. కొత్తగా వచ్చే తెల్ల మచ్చలు తగ్గాయి. 1986లో లాన్సెట్ పత్రిక దాన్ని అచ్చువేసింది. మాటను కూడా మందులాగే కొలిచి చూడొచ్చని చూపించిన పని అది.

ఇప్పుడు మీలో ఎవరినైనా ఏదైనా దంత వైద్య కళాశాలలో, మా అధ్యయనంలో చేరతారా అని అడగొచ్చు. సంగారెడ్డి పక్కన ఫసల్‌వాదిలో ఎంఎన్ఆర్ దంత వైద్య కళాశాల ఉంది. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. ఇలాంటి చోట్ల పళ్లు కట్టేవాళ్లే కాదు, దవడ, ముఖం ఆపరేషన్లు చేసే సర్జన్లు కూడా ఉంటారు. పరిశోధన అనగానే మనవాళ్లు భయపడతారు. ఆ భయానికి కారణం లేకపోలేదు. 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ఇచ్చిన ప్రాజెక్టులో తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారని తేలింది. 2010లో ఆ ప్రాజెక్టును ఆపేశారు. పార్లమెంటరీ సంఘం దాన్ని తీవ్రంగా తప్పుపట్టింది.

అందుకని భయపడి పారిపోవడం కన్నా అడగడం మేలు. సంతకం పెట్టే కాగితం తెలుగులో ఉందా? చదవడం రానివాళ్లకు చదివి వినిపించారా? ఒడిశా మనిషికి ఒడియాలో చెప్పారా? మధ్యలో మానేస్తే మామూలు వైద్యం ఆపరు కదా? హాని జరిగితే ఖర్చు ఎవరు భరిస్తారు? నైతిక కమిటీ అనుమతి ఉందా? ఇవి అడిగితే మంచి డాక్టర్ విసుక్కోరు. 2007 నుంచి మన దేశంలో క్లినికల్ ట్రయల్స్ నమోదు చేసే ఒక పట్టీ ఉంది. దాన్ని సీటీఆర్ఐ అంటారు. అందులో నమోదు నంబర్ ఎంతని అడగండి. ఆ నంబర్‌తో ఎవరైనా ఫోన్‌లో ఆ అధ్యయనం వివరాలు చూసుకోవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

చివరిగా ఫ్యాక్టరీ యాజమాన్యాలకు ఒక సూచన. భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి సవరణ తెచ్చి, ప్రమాదకర ప్రక్రియల్లో పనిచేసేవాళ్లకు చేరే ముందూ, చేరాక పన్నెండు నెలలకు మించకుండా వైద్య పరీక్షలు చేయాలన్నారు. బొల్లారంలోనూ, పాశమైలారంలోనూ ఏటా ఆ పరీక్షల కోసం పనివాళ్లు వరుసలో నిలబడతారు. ఊపిరి ఊదిస్తారు, కళ్లు చూస్తారు, రక్తం తీస్తారు. ఆ ఫారంలో ఇంకొక్క గడి చేర్చాలి. నోరు ఎన్ని మిల్లీమీటర్లు తెరుచుకుంటోంది? కావాల్సింది ఒక ప్లాస్టిక్ స్కేలు, మనిషికి అర నిమిషం. ప్రతిసారీ శుభ్రం చేసిన స్కేలే వాడాలనుకోండి. నిరుడు 42 ఉన్నది ఈ ఏడు 37 అయితే, 35 దాటే ఉంది కదా అని వదిలేయకుండా ఆ మనిషిని పళ్ల డాక్టర్ దగ్గరికి పంపొచ్చు. అలా రెండు మూడేళ్లు రాస్తే ఈ వాడలో ఎంతమంది నోళ్లు మూసుకుపోతున్నాయో మొదటిసారి ఒక లెక్క చేతికొస్తుంది.

కాంట్రాక్టు పనివాళ్ల సంగతి వేరే. కాంట్రాక్టర్ మారితే వాళ్ల కాగితాలు వాళ్ల వెంట రావు. కాబట్టి వాళ్లు తమ కొలత తామే దాచుకోవాలి. నెలకోసారి, జీతం పడిన రోజే పెట్టుకోండి, మరిచిపోరు. ఎన్ని వేళ్లు పట్టాయో, స్కేలు ఉంటే ఎన్ని మిల్లీమీటర్లో, ఫోన్‌లో తేదీ వేసి రాసుకోండి. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ముందు అది చూపించండి, రోజుకు ఎన్ని పాకెట్లో తర్వాత చెప్పండి.